కుందకు మరాఠీ నేర్పిన నెలలు

చాందా, జట్పురా గేటు లోపల
దీపావళి వెళ్లిన వారానికి, 1956

బెల్లంపల్లిలో ఉన్న మా ప్రభక్కకు సారక్క రాసేది.

అక్కా, కవరు మీద నీ రాష్ట్రం పేరు ఏమని రాయాలో తెలియక పోస్టాఫీసులో చాలాసేపు నిలబడ్డాను. మొన్నటిదాకా మా సాస్తి, మీ బెల్లంపల్లి ఒకే జిల్లా. ఇప్పుడు మా నాయిన రాయమల్లు సాస్తి గని క్వార్టర్లో మంచం దిగకుండానే బొంబాయి రాష్ట్రం మనిషి అయ్యాడు. నువ్వేమో ఆంధ్రప్రదేశ్ దానివయ్యావు. పోస్టుమాస్టరు విసుక్కుని, "ఊరి పేరు రాయ్ బాయి, చాలు. ఉత్తరానికి ఊరు దెలుసు" అన్నాడు.

ఇక్కడ నా ఆయా కొలువుకే ఎసరు వచ్చింది. డాక్టర్ బాయి అత్తగారు పండుగకు బొంబాయి నుంచి వచ్చింది. అందరూ ఆమెను ఆజీ అంటారు, నాయనమ్మ అని. ఆమె ఈ ఊరిని చాందా అనదు, చంద్రపూర్ అంటుంది, అదే అసలు పేరట. మనవరాలిని ఒళ్లో పిల్లగా ఉన్నప్పుడు చూసిపోయింది. కుందకు ఇప్పుడు మూడేళ్లు. ఆజీ గడపలో నిలబడి చేతులు చాపి "యే, యే" అని ముద్దుగా పిలిస్తే మన కుంద నడుం మీద చేయి పెట్టి ఏమన్నదో తెలుసా? "ఎవరే నువ్వు? మా ఇంట్లకెందుకొచ్చినవ్?" నాకు నవ్వు ఆగలేదు. ఆజీకి అర్థం కాలేదు కాబట్టి బతికిపోయాను.

కానీ ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. డాక్టర్ బాయి ఆసుపత్రికి పోయింది, నేను బజారుకు పోయాను. వచ్చేసరికి కుంద ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉంది. "చెవి నొస్తుంది, చెవి నొస్తుంది" అని పొద్దంతా చెప్పిందట. ఆజీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆకలేమోనని కరంజీలు, మన కజ్జికాయల్లాంటివి, తెచ్చి నోట్లో పెట్టింది పాపం. సాయంత్రం డాక్టర్ బాయి చూస్తే లోపల చీము.

ఆజీ ఆ రోజు అన్నం తినలేదు. నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "రాష్ట్రం మనదైందని ఊరంతా మిఠాయి పంచుతున్నరు. నా ఇంట్ల నా మనవరాలికి నేను పరాయిదాన్ని" అని ఆ రాత్రి ఊరి నుంచి వచ్చిన కొడుకుతో చెప్పుకుంది.

ఆ కొడుకు, అంటే కుంద తండ్రి, నాగపూరు సెక్రటేరియట్‌లో పనిచేసేవాడు కదా. నాగపూరు ఇప్పుడు రాజధాని కాదు. ఆయన కుర్చీ బొంబాయికి పోయింది, కుర్చీ వెంట ఆయన. వానాకాలానికల్లా డాక్టర్ బాయికి కూడా బదిలీ అవుతుందట. నన్ను పిలిచి తనకొచ్చిన తెలుగులో చెప్పింది: "సారాబాయీ, అప్పటికి కుందకు మరాఠీ రావాలె. వస్తే నువ్వు మాతో బొంబాయి వస్తవు. రాకపోతే అత్తగారు అక్కడ ఒక మరాఠీ ఆయాను చూసి పెట్టింది. నేను అడ్డం చెప్పలేను."

తప్పు నాదేనా అక్కా? నాకు ఈ పని నేర్పిన రోజు నువ్వే కదా అన్నావు, "పిల్లతో నీకు కలలొచ్చే భాషలో మాట్లాడు. అరువు మాటలతో ముద్దు చేస్తే పిల్లకు తెలిసిపోతుంది" అని. ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పటి నుంచి నేను అట్లనే మాట్లాడాను. ఇప్పుడు అదే నా మెడకు చుట్టుకుంది. కుంద లేకుండా పొద్దున లేచి ఏం చేయాలో నాకు తెలియదు. ఏదో ఒక ఉపాయం రాయి. ఆలస్యం చేయకు, నీకు దండం పెడతా.

సారక్క

~

బెల్లంపల్లి
1956 డిసెంబరు

సారక్కా,

ఏడుపు ఆపి చదువు. ఉత్తరం మీద నీ కన్నీళ్లు పడి రెండు పంక్తులు అలుక్కుపోయాయి, నేను ఊహించి చదువుకోవలసి వచ్చింది.

నేను చెప్పిన మాట తప్పు కాదు. నీతో ఆ పిల్ల అంత ధీమాగా మాట్లాడుతోందంటే నీ పని నువ్వు బాగా చేసినట్టే. కానీ పిల్ల చెవినొప్పి ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేకపోయింది. అది చిన్న సంగతి కాదు. ఆ ముసలమ్మ ఏడ్చిందంటే నాకు ఆమె మీద కోపం రాలేదు. నీకు కూడా రాకూడదు.

సరే, ఎట్లా నేర్పాలో చెబుతా, విను. ఒక్కసారే అంతా మార్చకు, పిల్ల బెదిరిపోతుంది. ముందు ఆట మాటలు మార్చు. బంతి, బొమ్మ, పిల్లి, చందమామ. ఆటలో కొత్త మాట వస్తే పిల్లలు అదీ ఆటే అనుకుంటారు. అవి నిలిచాక అన్నం, నీళ్లు. ఆ తర్వాత ఒంటి మాటలు, నొప్పి, జ్వరం, భయం. జోలపాట జోలికి మాత్రం ఇప్పుడే పోకు. నిద్రమాట అన్నిటికంటే చివర మార్చాలి. పిల్ల నిద్రలో పట్టుకుని ఉండేది ఆ ఒక్కటే.

ముందు నీకు రావాలి కదా మరాఠీ? నీ బజారు మరాఠీతో నేర్పితే ఆ పిల్ల కూరగాయలు బేరమాడడం తప్ప ఇంకేం నేర్చుకోదు. ఎవరినన్నా చూసుకో. సిగ్గుపడకు. నీ మొగుడు ఇంకొకతెను తెచ్చుకుంటే ఏడుస్తూ నా దగ్గరికి వచ్చినప్పుడు నీకు అక్షరం ముక్క రాదు. నేర్చుకోలేదా? ఇదీ అంతే.

ఇక్కడ మన పిల్లల గది ఎప్పటిలాగే గోల గోలగా ఉంది. గని మీద పనికి పోతూ తల్లులు పొద్దున్నే పిల్లలను దించిపోతున్నారు. ఎల్లమ్మ కొడుకు పాకుతూ వచ్చి నా కొంగు పట్టుకుని లేస్తున్నాడు. ఈ ఉత్తరం కూడా వాణ్ని ఒళ్లో పెట్టుకునే రాస్తున్నా.

ప్రభావతి

~

చాందా
1957 ఫిబ్రవరి

ప్రభక్కా,

గోల్ బజారులో కిరాణా దుకాణం కనకరాజు సేటు ఉన్నాడు కదా, మన తెలుగువాళ్లే. ఆయన కూతురు చంద్రకళ మరాఠీ బడిలో చదువుతుంది. తెలుగు మాట్లాడుతుంది కానీ అక్షరం రాదు. నేను దానికి తెలుగు అక్షరాలు, అది నాకు మరాఠీ మాటలు. అది నన్ను "మావుశీ, తోండ్ ఉఘడ్" అని గద్దిస్తుంది, పిన్నీ, నోరు తెరిచి పలుకు అని. ఈ వయసులో నాకు పంతులమ్మ!

కుందకు బంతి అయిపోయింది, పిల్లి అయిపోయింది. చందమామను చాందోబా అంటోంది. నువ్వు చెప్పినట్టే అన్నం దగ్గరికి వచ్చాం. మొదటిసారి "మలా భూక్ లాగలీ" అన్నప్పుడు డాక్టర్ బాయి స్టెతస్కోపు మెడలోనే ఉంచుకుని పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. నేను వంటింటి గడపలో నిలబడి నవ్వుతూనే ఉన్నాను. కానీ అక్కా, "ఆకలైతుందే సారక్కా" అని నా కాళ్లకు చుట్టుకునే పిల్ల కదా.

నా మరాఠీ విని కుంద పడీ పడీ నవ్వుతుంది. "అట్ల కాదే, ఇట్ల" అని దిద్దుతుంది. దిద్దేది మాత్రం తెలుగులోనే, అదొక్కటే నాకు సంతోషం.

ఒక మాట రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. అక్కా, ఈ ఇంట్లో నేను నోరారా తెలుగు మాట్లాడుకునే మనిషి కుంద ఒక్కతే. అది మరాఠీలోకి పోతుంటే నాకు మాట్లాడే మనిషి లేకుండా పోతోంది. మొన్న పప్పు కడుగుతూ నాలో నేనే మాట్లాడుకుంటున్నా. పనిమనిషి చూసి నాకు గాలి సోకిందనుకుంది. చంద్రకళ దగ్గరికి పోయే ఆ కాసేపు తప్పితే రోజంతా నోట్లో మాట నానుతూ ఉంటుంది.

అయినా బొంబాయి తలుచుకుంటే ఓపిక వస్తుంది. ఇంటి మేడ మీది నుంచి సముద్రం కనబడుతుందట. కుంద నేనూ ఇసుకలో ఆడుకుంటాం. అక్కడికి పోయాక ఆజీ లేనప్పుడు ఎవరికీ తెలియకుండా తెలుగు మాట్లాడుకుంటాం. రెండు చీరలకు అంచు కుట్టించాను.

ఎల్లమ్మ కొడుకు నడిచాడా? నువ్వు ఇదివరకు రాసిన ఆ సన్నపిల్ల, ఆశన్న బిడ్డ, పాలు కక్కడం మానిందా? అందరి సంగతులూ రాయి. పోయినసారి పిల్లల గురించి రాసింది చదువుకుని చదువుకుని కాగితం మడత దగ్గర చిరిగింది.

నీ సారక్క

~

బెల్లంపల్లి
1957 మార్చి

సారక్కా,

నీ ఉత్తరం అందింది. పని బాగా సాగుతోంది, సంతోషం. ఇప్పుడు ఒంటి మాటలు నేర్పు. చెవి, కడుపు, తల, ఎక్కడ నొస్తుందో వేలు పెట్టి చూపి చెప్పేట్టు. అది వచ్చిందంటే ఆ పిల్ల ఏ ఇంట్లోనైనా బతుకుతుంది.

బొంబాయి సముద్రం సంగతి నాకు తెలియదు. చీరలు ఎక్కువ కుట్టించకు.

ఇక్కడ పిల్లలందరూ బాగున్నారు. ఎండలు మొదలయ్యాయి. నాకు కొంచెం మోకాళ్ల నొప్పి. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ప్రభావతి

~

చాందా
1957 మే

ప్రభావతక్కకు,

నీకు ముందే తెలుసు. తెలుసు కదా? "చీరలు ఎక్కువ కుట్టించకు" అని రాసినప్పుడే నేను అర్థం చేసుకోవలసింది. అంత పొట్టి ఉత్తరం నువ్వు నీ జన్మలో రాయలేదు.

ఆజీ మళ్లీ వచ్చింది, సామాను సర్దడానికి. కుంద ఎదురుగా పరుగెత్తి "ఆజీ, మాఝే పోట్ దుఖ్తే" అంది. కడుపు నొప్పి ఏమీ లేదు, నేర్చుకున్నది చూపించుకోవడానికి అన్నది దొంగముండ. ఆజీ మురిసిపోయి పిల్ల కడుపు నిమిరి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. అక్కా, నేను ఆ క్షణంలో బొంబాయి రైలు ఎక్కినట్టే అనుకున్నాను.

మర్నాడు డాక్టర్ బాయి నన్ను కూర్చోబెట్టింది. ఎప్పుడూ కూర్చోమనదు. "సారాబాయీ, ఎట్ల చెప్పాలె నీకు. అత్తగారు ఇంక ఆయా వద్దు అంటున్నది. పిల్ల నాతో అన్నీ చెప్తున్నది, నేనే చూసుకుంట అంటున్నది. ఆమె మాట కూడా న్యాయమే. నేను మాట ఇచ్చిన, మాట తప్పుతున్న. నన్ను క్షమించు" అంది. ఆ చదువుకున్న మనిషి నా ముందర తల దించుకుంటే నేను ఏం అనగలను? "మంచిది బాయీ" అన్నాను. బయటికి వచ్చి బావి దగ్గర కూర్చుని ఏడ్చాను.

తను ఊరికే వదిలేయలేదు. ఆసుపత్రిలో నర్సులకూ, ఊడ్చే ఆడవాళ్లకూ పిల్లలున్నారు, వాళ్లకు ఒక గది తెరిపిస్తున్నదట, దానికి పెద్ద ఆయాగా నన్ను పెట్టమని పెద్ద డాక్టరుతో మాట్లాడింది. గౌరవమైన పనే. నాకు ఇప్పుడు గౌరవం కాదు కావలసింది, కుంద కావాలి.

నువ్వు కోప్పడతావని తెలిసీ ఒక నిజం రాస్తున్నా. పోయేది జూన్ చివర. ఇంకా వ్యవధి ఉంది. ఈ మరాఠీ దానికి పైపైనే ఉంది. నేను తలుచుకుంటే మళ్లీ పూర్తిగా తెలుగు పిల్లను చేయగలను. నిన్న సాయంత్రం చేసి చూశాను కూడా. మరాఠీలో అడిగితే పలకలేదు, తెలుగులో అడిగితేనే పాలు ఇచ్చాను. రెండోసారికే "సారక్కా, పాలియ్యవే" అంది. అంత సులువు. అప్పుడు వాళ్లు నన్ను తీసుకుపోక ఏం చేస్తారు?

చేయనా? నువ్వు వద్దంటే నీ పిల్లల గదికి వచ్చేస్తా. ఎల్లమ్మ కొడుకుని పెంచుకుంటూ నీ దగ్గర పడి ఉంటా. ఈ రెండింట్లో ఏదో ఒకటి చెప్పు. నీ మీద నాకు పట్టరాని కోపంగా ఉంది. అయినా నిన్ను తప్ప ఎవరిని అడగను?

సారక్క

~

బెల్లంపల్లి
1957 మే, నీ ఉత్తరం అందిన రోజే

సారక్కా,

అవును, నాకు తెలుసు. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే తెలుసు. పిల్లకు నాయనమ్మతో మాట్లాడడం వచ్చిన రోజు ఆ ఇంట్లో ఆయా అక్కర ఉండదు. చెబితే నువ్వు మనసు పెట్టి నేర్పవని చెప్పలేదు. నీ దుఃఖం కంటే నాకు ఆ పిల్ల చెవే ఎక్కువైంది. తిట్టుకో.

ఇంకొకటి. ఇక్కడికి వస్తానన్నావు. ఇక్కడ పిల్లల గది లేదు. నవంబరులోనే మూసేశారు. గని మీద ఆడవాళ్ల పనులు తీసేశారు, తల్లులు లేకపోతే పిల్లలెక్కడి నుంచి వస్తారు? ఎల్లమ్మ, కొడుకును ఎత్తుకుని వాళ్ల ఊరికి పోయింది. వాడు నడిచాడో లేదో నాకు తెలియదు. ఆశన్న బిడ్డ సంగతీ తెలియదు. డిసెంబరులో నీకు ఉత్తరం రాసినప్పుడు ఎల్లమ్మ కొడుకు నా ఒళ్లో లేడు. దూలానికి వేలాడే ఖాళీ ఊయలలు చూస్తూ రాశాను. తర్వాత వాటినీ దించి తీసుకుపోయారు.

ఎందుకు అబద్ధం రాశానో నాకే సరిగా తెలియదు. గది లేదని తెలిస్తే నువ్వు బెంగపడతావని అనుకున్నాను. నిజానికి ఆ పిల్లల పేర్లు కాగితం మీద రాస్తుంటే నాకే బాగుండింది. తర్వాత నువ్వు ఒక్కొక్కరి పేరూ పెట్టి అడిగేసరికి చేయి ఆడలేదు. అందుకే అది అంత పొట్టి ఉత్తరం. రోజూ పొద్దున ఇంకా ఆ వేళకే మెలకువ వస్తుంది. లేచి కూర్చుంటా. ఎత్తుకోవడానికి ఎవరూ లేరు. దుకాణం నడిపే మా అన్నగారి ఇంట్లో రెండు పూటలా తింటున్నా, నన్నెవరూ ఏమీ అనరు, ఏమీ అడగరు కూడా.

ఇప్పుడు నీ ప్రశ్న. చేయనా అని అడిగావు. చేయగలవు. నీకు ఆ పనితనం ఉంది, నేర్పింది నేనే, నాకు తెలియదా? పాలు చూపించి మాట మార్పించడం ఎంత సేపు? కానీ సారక్కా, పిల్ల ఆకలితో ఉన్నప్పుడు పాలు ఆపిన రోజు నువ్వు ఆయావు కావు. అది చదివి నాకు ఒళ్లు మండింది. ఎదురుగా ఉంటే చెంప పగిలేది.

వాళ్లు నిన్ను తీసుకుపోయారే అనుకో. ఇంకో ఏడాదో, రెండేళ్లో. తర్వాత బడి వస్తుంది. ఆ బడిలో, ఆ వీధిలో, ఆ ఇంట్లో అందరి మధ్యా మూగదాన్ని చేసి, దాని మాట అర్థమయ్యేదానివి నువ్వొక్కదానివే మిగిలితే, దాన్ని ప్రేమ అంటావా? నేను అనను.

వెళ్లేటప్పుడు పిల్ల ఏడవకూడదు. అదే ఇక నీ పని. రోజుకు ఒక పని ఆజీ చేతికి అప్పగించు. స్నానం, జడ, అన్నం. నువ్వు గదిలోనే ఉండు, కానీ కొంచెం దూరంగా కూర్చో. మరునాడు ఇంకొంచెం దూరంగా. విసుక్కోకు, కసురుకోకు. పిల్ల నిన్ను అసహ్యించుకుని పోకూడదు, మరిచిపోయి పోవాలి. చిట్టచివర జోలపాట. అది ఆజీకి నువ్వే దగ్గర కూర్చుని అప్పగించాలి. నేను ఇద్దరు పిల్లల దగ్గర చేశాను. చాలా కష్టం. చేయి.

ఆసుపత్రి పని ఒప్పుకో. లేకపోతే నా ముఖం చూడకు.

నీ ప్రభక్క

~

చాందా, ఆసుపత్రి వెనక గది
1957 జూన్ నెలాఖరు

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒక రోజంతా నీతో మనసులో పోట్లాడాను. మరునాడు పొద్దున కుంద "దూధ్ దే" అంటే మారు మాట్లాడకుండా ఇచ్చాను. అంతే, ఆ పాపం అక్కడితో వదిలింది.

తర్వాత నువ్వు రాసినట్టే చేశాను. స్నానం మొదట. ఆజీ నీళ్లు కళ్లలో పోసింది, కుంద నన్ను పిలిచింది, నేను గోడకు ఆనుకుని కూర్చుని లేవలేదు. చేతులు కాళ్ల కింద పెట్టుకుని కూర్చున్నాను, వాటంతట అవే లేచి పోతాయేమోనని. నాలుగో రోజుకు పిలవడం మానింది. నీకు సంబరంగా ఉంటుందని రాస్తున్నా, నాకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు.

జోలపాట అప్పగించడమే అన్నిటికంటే కష్టమైంది. ఆజీకి తన పాట ఉంది, మరాఠీది. కుంద మొదట నా పాటే కావాలని మారాం చేసింది. ఆజీ పాటకు నేను పిల్ల వీపు మీద తట్టుతూ కూర్చున్నాను. పాట ఆమెది, చేయి నాది. తర్వాత చేయి కూడా ఆమెదే అయింది. మొన్న పిల్ల నిద్రపోయాక ఆజీ నన్ను బయటికి పిలిచి మరాఠీలో చెప్పింది, ఇప్పుడు నాకు అంతా అర్థమైంది. "నువ్వు ఏం పోగొట్టుకుంటున్నవో నాకు ఎరుకే బిడ్డా. నా మనవరాలిని నాకిచ్చినవు" అని. ఆమె మీద కోపం పెట్టుకోవడానికి కూడా నాకు ఏమీ మిగల్చలేదు.

ఆసుపత్రి పని ఒప్పుకున్నాను. సోమవారం గది తెరుస్తారు. నర్సుల పిల్లలు, ఊడ్చేవాళ్ల పిల్లలు, మన తెలుగు పిల్లలు, మరాఠీ పిల్లలు, ఇద్దరు గోండు పిల్లలు కూడా. ఎవరితో ఏ భాషలో మాట్లాడాలో ఈసారి తల్లులను ముందే అడుగుతా. ఇద్దరు ఆయాలు కావాలన్నాను, పెద్ద డాక్టరు సరే అన్నాడు. రెండో ఆయా పేరు చెప్పమంటే నీ పేరు చెప్పి వచ్చాను. నిన్ను అడగలేదు, నువ్వూ నాకు అన్నీ చెప్పలేదు కదా. మోకాళ్ల నొప్పికి ఇక్కడ మందు ఊరికే ఇస్తారు. రాష్ట్రం ఏదైనా రైలు మాత్రం ఒకటే, ఎక్కి రా.

నిన్న స్టేషనుకు పోయాను. డాక్టర్ బాయి నన్ను పట్టుకుని ఏడ్చింది, మాట తప్పానని మళ్లీ అంది. కుంద కొత్త గౌను వేసుకుని ఆజీ వేలు పట్టుకుంది. రైలు అంటే దానికి ఒకటే సంబరం. ఆజీ "సారాబాయికి వెళ్లొస్తానని చెప్పు" అంటే నా వైపు తిరిగి, చెయ్యి ఊపుతూ "యేతే హం, బాయి" అంది. మరాఠీలో, బాయి అని. పనికి వచ్చే ఆడవాళ్లందరినీ వాళ్లింట్లో అట్లనే పిలుస్తారు. సారక్కా అనలేదు. ఏడవలేదు కూడా. నువ్వు నేర్పినట్టే, ఒక్క చుక్క కన్నీరు లేకుండా నా నుంచి పోయింది.

నేనూ మరాఠీలోనే "యే హం, బాళా" అన్నాను, మళ్లీ రా బిడ్డా అని. ఆజీ దాన్ని మెట్ల మీదికి ఎక్కించింది. కుంద వీపు నా వైపు ఉంది, ఒక కాలు లోపల, ఒక కాలు మెట్టు మీద. "కుందమ్మా" అని ఒక్క మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పిలిస్తే తిరుగుతుందని భయం. పిలిచినా తిరగదేమోనని అంతకంటే భయం. రైలు కదిలేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను అక్కా, పిలవలేదు.

సారక్క